మూత తెగని బోండాం

మా ఆయనది ఎడమచేతి వాటం. కత్తి ఎడమచేతిలో, బోండాం కుడిచేతిలో. మూడు దెబ్బలు వేసేవాడు, మూడంటే మూడే. మూడో దెబ్బకు బోండాం మూతి మీద చెక్క లేచేది గాని పూర్తిగా తెగేది కాదు, ఒక పక్క తోలు పట్టుకుని మూతలాగా వేలాడేది. ఆ మూత ఎత్తి గొట్టం పెట్టి, మళ్ళీ మీదికి వాల్చి చేతికిచ్చేవాడు. పాల్మాకుల దాటాక హైవే పక్కన ఆయన బండి. లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేస్తుంది కదా, అది నీళ్ళలో పడకూడదని ఆ జాగ్రత్త. షాద్‌నగర్ నుంచి శంషాబాద్ దాకా ఎంతమంది బోండాలు కొడతారో, అందరూ మూతిని ఎగరగొట్టి అవతల పారేసేవాళ్ళే. మూత ఉంచేవాడు నాకు తెలిసి ఈయన ఒక్కడే. "గంత సోకెందుకు నీకు?" అని ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు.

నేను మా ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. తల మీద నుంచి విమానాలు దిగుతుంటాయి. పిల్లలకు పద్యం చెప్తూ మధ్యలో ఆగడం, మోత పోయాక ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకోవడం నాకు అలవాటైపోయింది. నోరు మాత్రం దేనికీ ఆగదు. మా అమ్మ అనేది, దీనికి నాలుక ముందు పుట్టింది, మనిషి తర్వాత పుట్టిందని. ఆ నోటి వల్లనే ఇదంతా రాయాల్సి వచ్చింది.

నీళ్ళు తాగేసి పడేసిన ఖాళీ బోండాలను మేం డొప్పలంటాం. అవి ఎవరికీ అక్కర్లేని వస్తువు. బరువని చెత్త బండివాళ్ళు ఎత్తరు. పచ్చివి తగలబెడితే మంట రాదు, కళ్ళు మండే పొగ వస్తుంది. వాన పడితే ఒక్కో డొప్పలో గుక్కెడు నీళ్ళు నిలిచి దోమలు. అందరు బోండాల వాళ్ళలాగా ఆయన కూడా వాటిని రోడ్డు వెనక గుంతలో పారేసి చేతులు దులుపుకుంటే సరిపోయేది. కాని ఆయనకు మనసొప్పేది కాదు. రోజూ సాయంత్రం మోపెడ్ వెనక రెండు సంచులు కట్టుకుని ఇంటికి తెచ్చేవాడు.

"ఏందయ్యా ఇది? ఇల్లా, చెత్తకుప్పనా?" అనేదాన్ని.

"జర ఆగవే. దేవుడు గింత పెద్ద కాయ చేసి, నడుమ గ్లాసెడు నీళ్ళు పోసిండు. మిగిలిందంత ఉత్తగనే చేసిండంటవా?" అనేవాడు.

ఇక ఆయన ప్రయోగాలు చూడాలి. ఎండిన డొప్పలు రెండు చెక్కలు చేసి, అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి టమాట నారు పోశాడు. మా కోళ్ళు వాటిని పీకి పందిరేశాయి. మిరప మొక్కల మొదళ్ళ చుట్టూ పీచు పరిచాడు. అది మాత్రం పనిచేసింది. రోజూ పోసే నీళ్ళు మూడు రోజులకోసారి పోస్తే సరిపోయింది. సాయంత్రం బర్రె దగ్గర డొప్ప రాజేసి పొగ పెడితే దోమలు పారిపోయేవి, బర్రెతో పాటు మేమూ దగ్గేవాళ్ళం. ఒకసారి వారం రోజులు కూర్చుని పీచుతో తాడు పేని దూడను కట్టాడు. తెల్లారేసరికి దూడ ఆ తాడు నమిలేసింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు, కాని మర్నాడు మళ్ళీ రెండు సంచులు తెచ్చాడు.

ఆ ఎండాకాలం వాకిట్లో కుప్ప నడుమెత్తు పెరిగింది. ఒకరోజు పొద్దున నేను ముగ్గు వేస్తుంటే కుప్పలోంచి తేలు ఒకటి వచ్చి ముగ్గు మీదుగా గడప వైపు నడిచింది. కొట్టి చంపాను. ఆ తర్వాత నా నోరు మొదలైంది. నేను ఏమేమి అన్నానో మొత్తం రాయను. చివరన అన్నది మాత్రం రాస్తాను. "నీ డొప్పలతోనే సంసారం చెయ్యి పో."

ఆయన మోపెడ్ తీస్తూ, "నీళ్ళ డబ్బా?" అని అడిగాడు.

రోజూ పొద్దున ఆయన నీళ్ళ డబ్బా నింపి ఇచ్చేది నేనే. ఆ రోజు నింపలేదు. "బోండాలు అమ్మెటోనికి నీళ్ళ డబ్బా ఏంది? ఒకటి కొట్టుకొని తాగు" అన్నాను.

ఆయన తాగడని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అమ్ముకునే సరుకు అమ్మేవాడి నోట్లో పడితే బర్కత్ పోతుందని, వ్యాపారం కలిసిరాదని ఆయన నమ్మకం. పదకొండేళ్ళలో తన బండి మీది బోండాం ఒక్కటి ముట్టలేదు. ఎంత ఎండైనా, గొంతు ఎంత పిడచగట్టినా, నేను నింపిన డబ్బాలోంచే తాగేవాడు. ఆ రోజు నా మొహం ఒకసారి చూసి, ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు. డబ్బా నీళ్ళ గోలెం పక్కన బోర్లించి ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది.

మధ్యాహ్నం ఆయన ఫోన్ నుంచి ఎవరో మాట్లాడారు. "జల్దీ దవాఖానకు రా అక్కా, అన్నకు బాగ లేదు" అని పేరు చెప్పకుండానే పెట్టేశారు. నేను చేరేసరికి అయిపోయింది. గుండె ఆగిందన్నారు. ఎవరు తెచ్చారు అని అడిగితే, ఎవరో కారాయన తెచ్చాడు, దింపి వెళ్ళిపోయాడు అన్నారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ రాత్రి ఏడుపులో మా ఆడబిడ్డ అన్న మాట నా చెవిలో సీసం పోసినట్టు పడింది. ఆమెకు ఈ డబ్బా సంగతి తెలియదు. ఊరికే అన్నది. "ఏమయ్యిందో ఏమో మా అన్నకు, గొంతెండి పోయిండు. నోట్ల నీళ్ళ సుక్క పోసెటోళ్ళు లేకపాయె."

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాం, కాకి వచ్చి ముట్టాలి. ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అన్నం, మాంసం, కల్లు, ఆయన కాల్చే బీడీ అన్నీ పెట్టాం. తీగ మీద నాలుగు కాకులు కూర్చున్నాయి. గంట గడిచింది. ఒక్కటీ దిగలేదు. ఎవరో గ్లాసెడు బోండాం నీళ్ళు తెచ్చి పెట్టారు. ఒక కాకి దిగింది, గ్లాసు దగ్గరిదాకా వచ్చింది, మెడ తిప్పి చూసి లేచిపోయింది. చివరికి అన్నం ఆవుకు పెట్టి వచ్చేశాం. తోవలో ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకుని, "వదినే, అన్న దూపతోనే పోయిండే" అని, దాహం తీరలేదని మళ్ళీ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు గోలెం పక్కన బోర్లించిన డబ్బా కళ్ళ ముందే ఉంది.

బండి నిలిపే చోటు ఖాళీ చేయమన్నారని, అక్కడున్న సామాను, వెనకున్న డొప్పలు మొత్తం ట్రాలీ ఆటోలో ఇంటికి తెప్పించాను. ఏ నోటితో తిట్టానో ఆ కుప్పకే ఇంకో కుప్ప చేర్చుకున్నాను. ఆ డొప్పలన్నీ ఒక్కతీరుగా ఉన్నాయి, మూడు దెబ్బలు, వేలాడే మూత. ఒక్కటి మాత్రం కుక్క పీకినట్టు ఉంది. అడ్డదిడ్డంగా ఎనిమిదో తొమ్మిదో దెబ్బలు, అంచున తుప్పులాంటి మరక. ఆయన లేని సమయం చూసి ఎవడో దొంగముండాకొడుకు తనే కొట్టుకుని తాగి పోయి ఉంటాడు, చచ్చినవాడి బండి మీద కూడా చేతివాటమే అని తిట్టుకున్నాను. దానికి ఏదో చెక్క వేలాడుతుంటే పీకి పారేశాను. అన్ని దెబ్బలకు పీచు వదులై మెత్తగా చేతికొచ్చింది. పదో రోజు వంటకు గంజులు, బగోనలు, ఉన్న గిన్నెలన్నీ తోమాలి కదా. ఆ పీచు, ఇంత బూడిద తీసుకుని తోమాను. పెద్ద గంజు అద్దంలా మెరిసింది. డొప్పలు కూడా పనికొచ్చాయి చూడు అని ఎవరితోనో అన్నట్టు కూడా గుర్తు.

ఆ తర్వాత మొదలైంది నాకు. వాకిలి నిండా ఖాళీ బోండాలు నోళ్ళు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తుండేవి. అన్నీ దూపతో ఉన్నట్టే అనిపించేది. మధ్యాహ్నం ఎండకు డొప్పలు ఎండి చిట్లుతాయి. టక్కుమని ఒకటి, కాసేపాగి ఇంకొకటి. మూడోది వినిపిస్తే నేను కూర కలుపుతున్నదాన్ని గరిట వదిలేసి గుమ్మంలోకి వచ్చి చూసేదాన్ని. ఎవరూ ఉండరు. ఒకరోజు ఏమనిపించిందో, బిందెడు నీళ్ళు తెచ్చి ఒక్కో డొప్ప నోట్లో చెంబుతో పోయడం మొదలుపెట్టాను. బిందె అయిపోతే ఇంకో బిందె. పక్కింటామె గోడ మీద నుంచి చూసి, "టీచరమ్మా, ఏందమ్మా గా పని?" అని భయంగా అడిగింది.

"నానబెడుతున్న" అన్నాను. నోటికి వచ్చిన అబద్ధం అది. కాని చెప్పాక నిజం చేయక తప్పలేదు.

అలా మొదలైంది నా డొప్పల పని. నిజంగానే నానబెట్టాలి. వాకిట్లో గుంత తవ్వించి, డొప్పలు నింపి నీళ్ళు పెట్టాను. వారాల తరబడి నానితే పీచు, పొట్టు విడిపోతాయి. మొదట రోకలితో దంచాను, తర్వాత చిన్న మిషను పెట్టాను. పొట్టు మట్టికి బదులుగా నర్సరీల వాళ్ళు వాడతారని తెలిసి మొదటి రెండు సంచులు తీసుకుపోయి దగ్గర్లో ఒక నర్సరీలో ఇచ్చాను. పది రోజులకు ఆ నర్సరీ ఆయన ఫోన్ చేశాడు. కోస్తావైపు మనిషి, చాలా మర్యాద.

"అమ్మా, పొట్టు కడిగారాండీ? మొక్కల ఆకుల చివర్లు మాడిపోయాయండీ. కొబ్బరి పొట్టులో ఉప్పుంటుంది. నాలుగైదు నీళ్ళు పోసి కడగాలి."

"ఉప్పేందన్నా? తాగితే తియ్యగుంటయ్ కద నీళ్ళు?" అన్నాను. సముద్రం చూడని దాన్ని, నాకేం తెలుసు కొబ్బరి కాయ లోపల తీపి, పైన ఉప్పు అని? ఆయన నవ్వి, ఓపికగా చెప్పాడు. అప్పట్నుంచి నేను పొట్టును ఐదు నీళ్ళు కడుగుతున్నాను. ఆయనకు మొక్కలు బతుకుతున్నాయి. పీచుతో తొట్లకు చుట్టలు, తీగ మొక్కలు పాకే కర్రలు చేస్తాం, ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళు తోడొస్తారు. చివరకు మిగిలే గట్టి చెక్కలు పొయ్యిలోకి. మా ఆయన చెప్పినట్టే, ఉత్తగా పోయేది ఏమీ లేదు. ఆయన ఉన్నప్పుడు ఒక్కరోజు ఆయన పక్కన కూర్చుని ఒక్క డొప్ప చీల్చలేదు నేను. పోయాక ఈ సంబరం. ఎవరికి చూపించాలి?

డొప్పలు చాలక, వారానికి రెండుసార్లు ట్రాలీ ఆటో అతను హైవే మీది బండ్ల దగ్గర ఎత్తుకుని సంచుల్లో తెచ్చి దించి పోయేవాడు. కొన్నాళ్ళకు డొప్ప చూసి కొట్టినవాడి చెయ్యి చెప్పగలిగేదాన్ని. ఒకడు నాలుగు దెబ్బలు వేస్తాడు, ఒకడు అడుగు చదునుగా చెక్కుతాడు, ఒకడి కత్తికి పదును లేదు. కోత ఏటవాలు మాత్రం అందరిదీ ఒకే వైపు. మా ఆయనది ఒక్కడిదే ఎదురు వైపు, ఎడమచేయి కాబట్టి. ఆయన కొట్టినవి కుప్పలో తగ్గుతూ వచ్చాయి. చివరికి ఒక సంచి మిగిలితే దాన్ని మిషనులో వేయడానికి చేయి రాలేదు. కట్టి మంచం కింద పెట్టాను.

ఆయన పోయి ఏడాది నిండడానికి కొంచెం ముందు, ఒక గురువారం పొద్దున సంచి విప్పి గుంత పక్కన గుమ్మరించాను. పచ్చి బోండాం ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలి ఆగింది. తడి ఇంకా ఆరలేదు. మూడు దెబ్బలు. ఎదురు వైపు ఏటవాలు. తోలు పట్టుకుని వేలాడుతున్న మూత.

గుంత గట్టు మీద కూలబడ్డాను. పాతది ఏదైనా కలిసిందా అనుకోవడానికి లేదు, నిన్న కొట్టిన కాయ అది. మూత ఎత్తి చూశాను, లోపల లేత కొబ్బరి తెల్లగా ఉంది. మూత వేశాను. మళ్ళీ ఎత్తాను. తలుపు వైపు చూశాను. పట్టపగలు, పైన విమానం పోతోంది, పక్కింట్లో కుక్కర్ కూస్తోంది, నాకు మాత్రం చెమటలు. ఆ రోజు సెంటరుకు పోయి పిల్లలకు ఏం చెప్పానో నాకు తెలియదు.

తర్వాతి సంచుల్లో అలాంటివి నాలుగు వచ్చాయి, ఆ తర్వాత ఏడు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమంటారో తెలుసు, దూప తీరక తిరుగుతున్నాడంటారు. నేనే అలా అనుకోవడం మొదలుపెట్టాను. పొద్దున్నే ఆయన డబ్బా నింపి గడప బయట పెట్టేదాన్ని. సాయంత్రం ఆ నీళ్ళు మిరప మొక్కలకు పోసేదాన్ని. రోజుకు రోజు ఎంత తగ్గిందో చూసేదాన్ని కూడా. ఇంత చదువుకుని, పిల్లలకు దయ్యాలు లేవని పాఠం చెప్పి, నేను చేసిన పని అది. సిగ్గేస్తుంది గాని నిజం.

చివరికి నా కోపమే నన్ను బయటికి లాగింది. ఉన్నాడో లేడో తేలాలి అనుకున్నాను. ఏ బండి దగ్గరి సంచికి ఆ బండి గుర్తుగా వేర్వేరు రంగు పేలికలు కట్టమని ఆటో అతనికి చెప్పాను. ఆకుపచ్చ పేలిక సంచిలోంచి వచ్చాయి మూతలున్నవి అన్నీ. "గా ఆకుపచ్చది ఎక్కడిదే?" అని అడిగితే, "మైలార్‌దేవ్‌పల్లి కాడ, సర్వీస్ రోడ్డు మీద కొత్త బండి అక్కా" అన్నాడు. మరుసటి ఆదివారం బస్సెక్కి పోయాను.

గొడుగు కింద బండి. నలభై ఐదేళ్ళ మనిషి, నెరిసిన గడ్డం, తల మీద తెల్ల టోపీ. నేను కాస్త దూరంలో నిలబడి చూశాను. ఫోన్ వస్తే కుడిచేత్తో తీశాడు. గొట్టాలు కుడిచేత్తో లెక్కబెట్టాడు. గిరాకీ రాగానే మాత్రం కత్తిని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. వాటం కాని చెయ్యి అది, చూస్తేనే తెలుస్తోంది. నిదానంగా, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒకటి, రెండు, మూడు. మూత ఎత్తాడు, గొట్టం పెట్టాడు, మూత వాల్చాడు.

నేను దగ్గరికి పోయి ఒకటి కొట్టమన్నాను. ఇచ్చాడు. తాగకుండా చేతిలో పట్టుకుని అడిగాను.

"నీది కుడిచెయ్యి వాటమే కద భాయ్. ఎడమచేత్తో ఎందుకు కొడుతున్నవ్?"

"గట్లనే వచ్చక్కా."

"ఎవలు నేర్పిండ్రు?"

అతను కత్తి మీది తడిని గుడ్డతో తుడిచాడు. "పాల్మాకుల కాడ ఒక అన్న ఉండె" అని ఆగిపోయాడు.

"ఆయన నా పెనిమిటి" అన్నాను.

అతని చేతిలోంచి గుడ్డ జారిపోయింది. "యా అల్లా" అన్నాడు. వెనక్కి ఒక అడుగు వేసి, బోండాల కుప్పకు తగిలి, అక్కడే కూర్చున్నాడు. నేను దయ్యాన్ని వెతుక్కుంటూ పోతే, ఆ మనిషి నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు వణికాడు.

"మాఫ్ చెయ్యక్కా. నీ కాడికి రావాల్నని ఎన్నిసార్లో మీ ఊరి మలుపు దాంక వచ్చిన. దిగబుద్ధి కాలే."

అప్పుడు అతను కారు నడిపేవాడట. షాద్‌నగర్ నుంచి విమానాశ్రయానికి గిరాకీలను తెచ్చేవాడు, మధ్యలో మా ఆయన దగ్గర ఆగడం అలవాటు. ఆ రోజు కారులో గిరాకీ ఉన్నాడు, ఆగేది లేదు. పోతూ పోతూ చూస్తే మా ఆయన బండి చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కారు ఆపి దిగాడు.

"ఛాతి మీద చెయ్యి పెట్టుకొని ఉండె. నీళ్ళు అన్నడు. నా కార్ల సీసా ఖాళీ. అన్న డబ్బా ఉంటదని ఎతికిన. బండి కింద చూసిన, మీద చూసిన, మోపెడ్ సంచిల చూసిన. ఏడ లేదు."

నేను బోండాం రెండు చేతులతో పట్టుకున్నాను.

"బోండాం కొడుతనంటే వద్దన్నడు. బర్కత్ పోతదంటడు! పానం పోతుంటే గా మనిషి! నేను కొంటున్న అన్నా, నేను కొని నీకు తాపుతున్న, నువ్వు నా మెహమాన్ అన్న. అప్పుడు ఊ అన్నడు. నాకు కొట్టుడు రాదు. ఎనిమిదో తొమ్మిదో ఏసిన, నా ఏలు తెగింది, రకతం. అన్న ఎడమచెయ్యి లేపి గిట్ల గిట్ల అని చూపిచ్చిండు, చెయ్యి ఎట్ల తిప్పాల్నో. ఆఖరికి మూతి లేసింది. చెక్క పీకి పారేయబోతుంటే నా చెయ్యి పట్టుకున్నడు. మూత ఉంచు, దుమ్ము పడ్తది అన్నడు."

"తాగిండా?" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు. "గది చెప్పు ముందుగాల. తాగిండా లేదా?"

"తాగిండక్కా. మూడు గుక్కలు. నా ఒళ్ళె తల పెట్టుకొని తాగిండు. మంచి కాయే పడ్డది అన్నడు. ఇగ మాట్లాడలే."

అతను గడ్డం నిమురుకుంటూ ఏడుస్తున్నాడు. మిగతాది ఏడుస్తూనే చెప్పాడు. కారులో వేసుకుని దవాఖానకు తెచ్చాడు. గేటు దగ్గర గుమిగూడిన వాళ్ళలో ఎవరో, ఛాతీ నొప్పి మనిషికి నీళ్ళు తాపుతారా ఎవరన్నా, అని తిట్టారు. వెనక గిరాకీ ఫ్లైటు పోతుందని మొత్తుకుంటున్నాడు. నాకు ఫోన్ చేసి, మా ఆయన ఫోన్ అక్కడివాళ్ళకిచ్చి వెళ్ళిపోయాడు. సాయంత్రం మళ్ళీ వస్తే సంగతి తెలిసింది. తన నీళ్ళే మనిషిని చంపాయని అనుకున్నాడు. కొన్నాళ్ళకు స్టీరింగు పట్టబుద్ధి కాలేదు, కారు వదిలేశాడు. బోండాల బండి పెట్టాడు. కత్తి పట్టడం అన్న చూపించింది ఒక్కటే తెలుసు కాబట్టి ఎడమచేత్తోనే పట్టాడు.

"పిచ్చోడా" అన్నాను. అన్న అనాల్సిన మనిషిని అలా అన్నాను, ఏడుపుతో పాటు వచ్చింది నోట్లోంచి. "పిచ్చోడా, నీ నీళ్ళు సంపలే. నీ నీళ్ళతోనే ఆయన గొంతు తడిసింది. డబ్బా నింపని దాన్ని నేను ఉన్న. నీకెందుకు భయం?"

అతనికి డబ్బా సంగతి మొత్తం చెప్పాను. ఎవరికీ చెప్పనిది, ముక్కూ మొహం తెలియని మనిషికి రోడ్డు మీద నిలబడి చెప్పాను. తర్వాత ఫోన్ తీసి ఆడబిడ్డకు కలిపి, "నాకు చెప్పిన ముచ్చట గీమెకు చెప్పు, ఒక్క ముక్క ఇడిసిపెట్టకు" అని అతని చేతికిచ్చాను. అతను చెప్పాడు. ఫోన్‌లోంచి ఆమె ఏడుపు నాకు వినిపించింది. ఫోన్ నేను అందుకోగానే, "వదినే, అన్న తాగిపోయిండే" అన్నది. అప్పుడు నేను ఏడ్చాను, ఏడాదిది మొత్తం.

చేతిలో బోండాం వెచ్చబడిపోయింది. తాగాను. ఆయన పోయాక అదే మొదటిసారి.

వెళ్ళబోతూ ఊరికే అడిగాను. "గా బోండాం ఏం చేసినవ్ భాయ్? ఆయన తాగింది."

"ఏం చేస్త అక్కా, అన్నను లేపాల్నాయె. గా పక్కకున్న కుప్ప మీదనే పడేసిన." వేలి మీద తెల్లటి గాటు చూపించాడు. "కుక్క పీకినట్టు కొట్టిన దాన్ని. నా రకతం కూడ అంటింది."

నేను అవునన్నాను. ఇంకేమీ చెప్పలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మా ఊరి మలుపు వచ్చేదాకా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాను. ఆయన ఉంచమన్న మూతను పీకి పారేసిన చేతులు ఇవే. ఆయన నోరు తగిలిన పీచుకు బూడిద అద్ది అంట్లు తోమిన చేతులు ఇవే.

ఇంటికొచ్చి ముందు గడప బయటి డబ్బా తీసి లోపల పెట్టాను. మంచం కింది సంచి అలాగే ఉంది. అలమర మీది నుంచి పెద్ద గంజు దించాను. ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది అది. డొప్పల పని రోజూ చేస్తున్నాను, ఇంట్లో మిగతా గిన్నెలన్నీ ఆ పీచుతోనే తోముతాను. ఆ గంజును మాత్రం ఉత్త చేత్తో కడుగుతున్నాను.